వెడల్పు తెరయా? జంట తెరలా?

మన కళాశాల వార్షిక సంచికకు రెండు ముఖపత్రాలు. తెలుగు చదివేవారు ఒకవైపు నుండి తెరుస్తారు, ఉర్దూ చదివేవారు రెండవవైపు నుండి తెరుస్తారు. రెండు భాగాలూ నడుమ ఎక్కడో ఒకచోట కలుసుకుంటాయి. ఆ కలుసుకునే పుట ఏదో అచ్చు పూర్తి అయ్యేంతవరకు సంపాదకవర్గానికి కూడా తెలియదు.

ఈ సంచిక పనికి, అనువాద అభ్యాసానికి ఉపయోగపడే విధంగా కంప్యూటర్ తెరలు కొనవలెనని కార్యవర్గం సంకల్పించినప్పుడు ఒక చర్చ బయలుదేరింది. ఇటీవల బజారులో విరివిగా కనిపిస్తున్న అల్ట్రావైడ్ అనే వెడల్పు తెర ఒకటి కొనడమా, లేక సాధారణమైన మానిటర్లు రెండింటిని పక్కపక్కన అమర్చుకోవడమా? విద్యార్థులలో అధిక సంఖ్యాకులు మొదటిదాని వైపే మొగ్గినారు. చూపునకు అది అందమైనది. అందులో సందేహం లేదు. తెలుగు అధ్యాపకునికి ఈ చర్చలో పని ఏమి అని ఒకరిద్దరు చిరునవ్వుతో ప్రశ్నించినారు. పని ఉన్నది. దానికి కారణం గత సంచికలో నా వలన జరిగిన పొరపాటు.

ఒక విద్యార్థిని ఉర్దూలో తన నాయనమ్మను గురించి వ్రాసిన వ్యాసాన్ని నేను తెలుగు చేసినాను. ఉన్నది పద్దెనిమిదిన్నర అంగుళాల తెర ఒక్కటే. ఉర్దూ మూలాన్ని ఒకసారి, తెలుగు ప్రతిని ఒకసారి, ఒకదానిపై ఒకటి మార్చి మార్చి చూస్తూ పని చేసినాను. ఆ వ్యాసంలో వెంటవెంటనే వచ్చే రెండు పేరాలు ఒకే మాటతో ఆరంభమవుతాయి. ఉర్దూ పుటకు తిరిగి వచ్చినప్పుడు నా కన్ను మొదటి పేరాపై నిలువవలసినది రెండవ పేరాపై నిలిచింది. ఒక పేరా మొత్తం తెలుగులోనికి రానే లేదు. సంచిక వెలువడిన తరువాత ఆ అమ్మాయి రెండు వైపులా వేలు పెట్టి తెరచిన పుస్తకంతో నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది. ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. నాయనమ్మ కడపటి రోజులను గురించి వ్రాసిన పేరా అది. వారి ఇంట ఉర్దూ చదువగలవారు తగ్గిపోయినారట. తెలుగు పుటనే అందరూ చదివినారట.

పాత వ్రాయసకాండ్రకు ఇది తెలియని వ్యాధి కాదు. తాళపత్రాలకు ప్రతులు వ్రాసేవారు సమానమైన మాట కనిపించిన చోట ఒక పంక్తి నుండి మరొక పంక్తికి దూకడం, నడుమనున్నది జారిపోవడం, ప్రాచీన గ్రంథ పరిష్కర్తలందరూ ఎదుర్కొన్న చిక్కే. తెర చిన్నదని నా తప్పును కప్పిపుచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. రెండు ప్రతులు ఏకకాలంలో కంటి ముందు ఉన్నట్లయితే ఆ తప్పు జరిగే అవకాశం చాలా తగ్గి ఉండేదని మాత్రం చెప్పగలను.

ఇక లెక్కలోనికి వద్దాం. తెర కొలతను అంగడిలో చెప్పేటప్పుడు మూల నుండి మూలకు, అనగా కర్ణాన్ని చెపుతారు. ఈ ఒక్క అంకెను నమ్ముకొని కొన్నవాడు మోసపోతాడు. ఇరవై నాలుగు అంగుళాల సాధారణ తెరలో వెడల్పు, ఎత్తు 16:9 నిష్పత్తిలో ఉంటాయి. పైథాగరస్ సిద్ధాంతాన్ని వర్తింపజేస్తే దాని వెడల్పు 20.9 అంగుళాలు, ఎత్తు 11.8 అంగుళాలు అవుతుంది. వెడల్పు తెరలకు 21:9 అని పేరు. అది స్థూలమైన పేరే. 2560 × 1080 చుక్కలు గల తెర నిష్పత్తి నిజానికి 64:27. ఆ జాతిలో 29 అంగుళాల తెరను తీసుకుంటే వెడల్పు 26.7 అంగుళాలు వస్తుంది, ఎత్తు మాత్రం 11.3 అంగుళాలే. అంటే 29 అని వ్రాసి ఉన్న ఆ తెర మన 24 అంగుళాల తెర కంటె పొట్టిది! 34 అంగుళాల వెడల్పు తెర, 3440 × 1440 చుక్కలు గలది, 31.4 అంగుళాల వెడల్పు, 13.1 అంగుళాల ఎత్తు ఉంటుంది. సాధారణ జాతిలో 27 అంగుళాల తెరకు కూడా దాదాపు అంతే ఎత్తు ఉన్నది.

24 అంగుళాల తెరలు రెండు పక్కపక్కన పెడితే వెడల్పు సుమారు 42 అంగుళాలు, వైశాల్యం 492 చదరపు అంగుళాలు. 34 అంగుళాల వెడల్పు తెర వైశాల్యం 412 చదరపు అంగుళాలు. కానీ చుక్కల లెక్క తారుమారు అవుతుంది. 1920 × 1080 చుక్కలు గల తెరలు రెండింటికి కలిపి 41 లక్షల 47 వేల చుక్కలు. వెడల్పు తెరకు 49 లక్షల 53 వేలు. అంగుళానికి దాదాపు 110 చుక్కలు ఉండడం వలన వెడల్పు తెరపై అక్షరం మరింత నున్నగా కనిపిస్తుంది. 24 అంగుళాల దానిలో అంగుళానికి 92 చుక్కలే. తెలుగు వత్తులకు, ఉర్దూ నుఖ్తాలకు ఈ భేదం స్వల్పమైనది కాదు. ఇది వెడల్పు తెర పక్షాన గట్టి వాదమని ఒప్పుకోవలె. అయితే 34 అంగుళాల తెరలలోనే 2560 × 1080 చుక్కలతో చవకగా అమ్మే రకం ఒకటి ఉన్నది. దానికి అంగుళానికి 82 చుక్కలు మించవు. పేరు అదే, పరిమాణం అదే, అక్షరం మాత్రం మొరటు. కొనేవారు పెట్టెపై వ్రాసిన ఈ అంకెలను చదివి తీరవలె.

వెడల్పు తెర మనకు నిన్న మొన్న వచ్చిన వింత అనుకోవడం పొరపాటు. పోతన బమ్మెర, సోమనాథుని పాలకుర్తి మన జనగామ జిల్లాలోనివే. 2016 వరకు మన రఘునాథపల్లివలె వరంగల్ జిల్లాలోనివి. ఆ మహాకవుల కాలంలో కావ్యాలు వ్రాసుకున్న తాటాకును ఒకసారి తలచుకోండి. మూరెడు పొడవు, రెండు వేళ్ల ఎత్తు, పొడవునా సాగిపోయే కొద్దిపాటి పంక్తులు. అంతకు మించిన వెడల్పు తెర ఏ కంపెనీ వారు చేయగలరు? పద్యానికి అది చెల్లింది. పద్యం చెవికి, జ్ఞాపకానికి సంబంధించినది. పంక్తి చివరి నుండి తరువాతి పంక్తి మొదటికి కన్ను తడబడినా నడక చదువరిని దారిలో పెట్టేది. వచనానికి ఆ ఆధారం లేదు. పంక్తి మితిమీరి పొడవైతే కన్ను తిరిగివచ్చేటప్పుడు వరుస తప్పుతుంది. రోమన్ లిపిలో పంక్తికి 45 నుండి 75 అక్షరాలు సుఖమని ముద్రణ కళావేత్తలు చెప్పేది, వార్తాపత్రికలు పుటను నిలువు గడులుగా విడగొట్టేది ఇందుకే.

కాగితపు గ్రంథం, అనగా కితాబు, వేరొక మార్గం త్రొక్కింది. తెరచిన పుస్తకమంటే ఏమిటి? నిలువుగా ఉన్న రెండు పుటలు, నడుమ ఒక అతుకు. ఆ అతుకును ఎవరూ లోపంగా ఎంచలేదు. మా ఇండ్లలో ఖురాను గ్రంథాన్ని ఉంచే రెహల్‌ను విద్యార్థులు చూచే ఉంటారు. రెండు చెక్కలు కత్తెరవలె కలిసి, పుటలు రెండూ చదువరి వైపు కొద్దిగా వంగి ఉండేటట్లు పుస్తకాన్ని పట్టి ఉంచుతుంది. జంట తెరలను అమర్చుకోవలసిన కోణం కూడా అదే.

అతుకును గురించి ఇటువంటి వివాదమే సినిమా రంగంలో సాగింది. 1952లో న్యూయార్కులో ‘దిస్ ఈజ్ సినెరామా’ చిత్రాన్ని మూడు ప్రొజెక్టర్లతో, వంపు తిరిగిన విశాలమైన తెరపై మూడు బొమ్మలను పక్కపక్కన కలిపి చూపించినారు. జనం ముగ్ధులైనారు. కానీ బొమ్మలు కలిసే చోట గీతలు కనబడేవి. వాటిని మరుగుపరచడానికి ఛాయాగ్రాహకులు సరిగ్గా ఆ చోట్లలో చెట్టునో, స్తంభాన్నో నిలిపే ఉపాయాలు పన్నినారు. మరుసటి సంవత్సరమే ‘ది రోబ్’ చిత్రంతో సినిమాస్కోప్ వచ్చింది; ఒకే ప్రొజెక్టరు, ప్రత్యేకమైన కటకం, అతుకు లేని వెడల్పు బొమ్మ. మన దేశంలో గురుదత్ 1959లో ‘కాగజ్ కే ఫూల్’ చిత్రాన్ని ఆ పద్ధతిలో తీసినారు. తెలుగులో 1974లో వచ్చిన కృష్ణగారి ‘అల్లూరి సీతారామరాజు’ తొలి సినిమాస్కోప్ చిత్రం. సినెరామా మూడు ప్రొజెక్టర్ల పద్ధతి అంతరించింది, సినిమాస్కోప్ నిలిచింది. కంప్యూటరు వెడల్పు తెరల నిష్పత్తి కూడా ఆ సినిమా నిష్పత్తికి చుట్టమే.

కావున వెడల్పు తెరయే గెలిచిందని తీర్పు చెప్పవచ్చునా? ఒకే దృశ్యాన్ని చూచేటప్పుడు నిస్సందేహంగా గెలిచింది. కొండపైనుండి దిగివచ్చే దండును నడుమ గీత పెట్టి చూపితే ఎవరు సహిస్తారు? కానీ మన పని దృశ్యం కాదు, పుట. అందులోనూ ఒక పుట కాదు, రెండు పుటలు. దాశరథిగారు మన ఓరుగల్లు గడ్డపై పుట్టి, గాలిబ్‌ను తెలుగులోనికి తెచ్చి 1961లో ‘గాలిబ్ గీతాలు’ వెలువరించినారు. అటువంటి పని చేసే ఎవరికైనా కావలసినవి మూలానికొక చోటు, అనువాదానికొక చోటు. ఆ రెండింటి నడుమ హద్దు ఉండడం అడ్డు కాదు, సహాయం.

ఇక్కడ మన రెండు లిపుల స్వభావాన్ని గూర్చి కొంత చెప్పవలసి ఉన్నది. ఇంగ్లీషు వారి కొరకు వ్రాసిన సలహాలను మనం యథాతథంగా స్వీకరిస్తే తప్పుతాము. తెలుగు అక్షరం పైన గుడి, ఏత్వం, క్రింద వత్తు, ‘స్త్రీ’ వంటి మాటలో వత్తుపై వత్తు. ఇవి ఒకదానికొకటి తగులకుండా ఉండవలెనంటే పంక్తికి పంక్తికి మధ్య ఎడం ఎక్కువ కావలె. ఉర్దూకు ప్రాణమైన నస్తలీఖ్ లిపి ఇంకొక అడుగు ముందుకు వేసింది. దానిలో పదం సమతలంగా సాగదు. కుడివైపు పైన మొదలై ఎడమవైపు క్రిందికి వాలుతూ దిగుతుంది. అచ్చు అక్షరాలకు లొంగని ఈ వాలు వలననే ఉర్దూ పత్రికలు చాలాకాలం కాతిబుల చేతివ్రాతపై ఆధారపడినవి. మీర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తలీఖ్ 1981లో వచ్చిన పిదపనే కంప్యూటరు కూర్పు సాధ్యమైంది. దానికొరకు దాదాపు ఇరవై వేల సంయుక్త రూపాలను చేతితో వ్రాయవలసి వచ్చింది.

దీనివలన తేలిన ఫలితం ఏమిటి? మన రెండు లిపులూ ఎత్తును కోరేవి, వెడల్పును కాదు. ఒకే ఎత్తు గల తెరలో ఇంగ్లీషు పంక్తులు పట్టినన్ని తెలుగు పంక్తులు పట్టవు. ఉర్దూ పంక్తులు ఇంకా తక్కువ. వెడల్పు తెర దేనిని పెంచుతున్నదో అది మనకు అంతగా అక్కరలేదు, దేనిని పెంచడం లేదో అదే మనకు కావలె.

జంట తెరలకు ఉన్న ఒక గుణం ఈ సందర్భంలో అక్కరకు వస్తుంది. వాటిలో ఒకదానిని నిలువుగా త్రిప్పి నిలబెట్టవచ్చు. 24 అంగుళాల తెరను నిలువుగా నిలిపితే ఎత్తు దాదాపు 21 అంగుళాలు అవుతుంది. సంచిక పుటను మనం ఏ4 కాగితంపై కూర్చుతాము. అది 8.3 అంగుళాల వెడల్పు, 11.7 అంగుళాల పొడవు. నిలువు తెరపై ఆ పుట నలభై శాతం పెద్దదిగా, తల నుండి అడుగు వరకు పూర్తిగా కనిపిస్తుంది. పైన పనిముట్ల వరుసకు చోటు మిగులుతుంది. 34 అంగుళాల వెడల్పు తెరలో ఎత్తు 13.1 అంగుళాలే కనుక, పై వరుసలు, క్రింది వరుస తీసివేస్తే ఏ4 పుట అసలు పరిమాణంలో పట్టడమే కష్టం. ప్రూఫులు దిద్దేవారి కన్నుల సుఖదుఃఖాలు ఈ కొద్ది అంగుళాలలోనే ఉన్నవి.

మెడ సంగతి కూడా చూడవలె. రెండు తెరలనూ అడ్డంగా పెట్టి, ఒకదానికి ఎదురుగా కూర్చుంటే రెండవదాని మధ్యభాగం 21 అంగుళాల దూరంలో పక్కకు ఉంటుంది. రోజంతా మెడ త్రిప్పడం మంచిది కాదు. రెండవదానిని నిలువుగా నిలిపితే ఆ దూరం 16 అంగుళాలకు తగ్గుతుంది. రెహల్‌వలె కొద్దిగా లోపలికి వంచితే ఇంకా సుఖం. పని సమానంగా రెండింటిపై ఉన్నప్పుడు అతుకునే ముక్కుకు సూటిగా పెట్టుకొని కూర్చోవచ్చు. తెర పై అంచు కంటి మట్టానికి మించకూడదు. దూరం చేయి చాచినంత. ఇవి ఏ తెరకైనా వర్తించేవి. అయితే నిలువు తెర పై అంచును కంటి మట్టానికి తేవడానికి దానిని బల్లకు ఆనుకునేంత దించవలసి ఉంటుంది. కావున నిలబెట్టే కాడ ఎత్తు తగ్గించడానికి వీలైనదై ఉండవలె. త్రిప్పడానికి వీలులేని కాడ అయితే తెర వెనుక వెసా అనే నాలుగు మరల రంధ్రాలు ఉన్నవో లేవో చూచుకొని, విడిగా చేయి వంటి ఆధారాన్ని బిగించుకోవచ్చు. ఐపీఎస్ రకం పలక కానిదైతే నిలువుగా నిలిపినప్పుడు పక్కనుండి చూచేవారికి రంగు మాసినట్లు కనబడుతుంది.

వెడల్పు తెరకు అన్యాయం చేయరాదు. దఫ్తరులో జమాఖర్చుల పట్టికలు చూచే గుమాస్తాకు, ఏప్రిల్ నుండి మార్చి వరకు పన్నెండు నెలల గడులు ఒకే వరుసలో కావలసినవారికి, అంతకంటె మంచి సాధనం లేదు. సినిమా తునకలు కూర్చే విద్య నేర్చుకునేవారికి కాలరేఖ పొడవుగా పరచుకొని ఉండడం వరం. అక్కడ అతుకు నిజంగానే శత్రువు. తీగలు తక్కువ, బల్ల శుభ్రం. ఒకే తెరను కిటికీలుగా విభజించుకొనే సౌకర్యం 2021లో వచ్చిన విండోస్ 11లో మెరుగుపడింది కూడా. కానీ విభజన మన చేతిలో ఉండడం వలన అది చెదిరే అవకాశమూ ఉన్నది. ఒక విద్యార్థి పొరపాటున కిటికీని పెద్దది చేయగానే రెండవ పుట దాని క్రింద మాయమవుతుంది. జంట తెరలలో పెద్దది చేసినా ఆ కిటికీ తన తెరను దాటిపోదు. నా కన్ను దూకిన పేరాను తలచుకుంటే ఈ భేదం నాకు చిన్నదిగా తోచదు.

ధరల మాటకు వస్తే, అవి నెలనెలా మారేవి. సాధారణంగా 24 అంగుళాల మామూలు తెరలు రెండు కలిపినా 34 అంగుళాల మంచి వెడల్పు తెర కంటె తక్కువకే వస్తాయి. మన వద్దనున్న పాత కంప్యూటర్ల వెనుక వీజీఏ, హెచ్‌డీఎంఐ అని రెండు రంధ్రాలు ఉన్నట్లయితే, అవి రెండూ ఏకకాలంలో పనిచేస్తున్నవని ఒకసారి పరీక్షించుకొని రెండు తెరలూ తగిలించవచ్చు. 3440 × 1440 తెరను అటువంటి పాత యంత్రం సరిగా నడుపగలదో లేదో ముందుగా విచారించవలె. ఒక తెర చెడిపోతే రెండవదానితో పని సాగుతుంది. వెడల్పు తెర చెడిపోతే సంచిక పని మొత్తం ఆగుతుంది. ఇక విద్యార్థులకు ఒక మాట. మీలో ల్యాప్‌టాప్ ఉన్నవారికి ఒక తెర ఉన్నట్లే. ఇంకొక్క సాధారణ మానిటర్ సంపాదిస్తే జంట పూర్తి అయింది. అది కొత్తదే కానక్కరలేదు.

కార్యవర్గ సభ్యులు సికిందరాబాదు వెళ్లి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బేరం చేసేటట్లయితే, దుకాణదారు చూపే రంగురంగుల చేపల బొమ్మలను చూచి నిర్ణయించవద్దని మనవి. మన సంచికలోని తెలుగు పుట ఒకటి, ఉర్దూ పుట ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకొని వెళ్లి, ‘ష్ట్ర’లోని రెండు వత్తులు విడివిడిగా కనబడుతున్నవా, ‘పే’ క్రింది మూడు నుఖ్తాలు మూడుగానే ఉన్నవా అని చూడవలె. నా అభిప్రాయంలో సంచిక గదికి జంట తెరలు, అందులో ఒకటి నిలువుగా త్రిప్పగలిగినది. నిధులు మిగిలితే జమాఖర్చుల బల్లకు వెడల్పు తెర ఒకటి.

అమరికలో ఒక చిన్న రహస్యం అనుభవంలో తెలిసింది. ఈ నెలలో నా ల్యాప్‌టాప్‌కు గదిలోని పాత మానిటర్‌ను తగిలించి ప్రయోగం చేసినాను. తెలుగు ఎడమ నుండి మొదలయ్యేది కనుక ఎడమ తెరపై, ఉర్దూ కుడి నుండి మొదలయ్యేది కనుక కుడి తెరపై ఉంచడం సహజమని తోచింది. సంచిక కట్టుబడి కూడా అదే కదా. కానీ అట్లా ఉంచితే రెండు పేరాల మొదళ్లు రెండు చివరలకు పోతాయి; కన్ను ఈ కొస నుండి ఆ కొసకు పరుగెత్తవలె. తారుమారు చేసినాను. ఉర్దూను ఎడమ తెరపై, తెలుగును కుడి తెరపై ఉంచినాను. అప్పుడు ఉర్దూ పంక్తి మొదలయ్యే కుడి అంచు, తెలుగు పంక్తి మొదలయ్యే ఎడమ అంచు, రెండూ నడిమి అతుకుకు ఆనుకొని పక్కపక్కన నిలిచినవి. పేరా మొదట పేరా మొదలు, ఒక వేలు వెడల్పు ఎడంలో. ఆ అమరికలో గత సంవత్సరపు వ్యాసాన్ని తెరచి చూడగా జారిపోయిన చోటు మొదటి చూపులోనే ఖాళీగా కనబడింది. నాయనమ్మను గురించిన ఆ పేరాను తెలుగు చేసి, వ్రాసిన విద్యార్థినికి చూపి, ఆమె సరిదిద్దిన రెండు మాటలతో ఈ సంచిక తెలుగు భాగం చివరి పుటలో ముద్రిస్తున్నాము.